సమాధి రాళ్లు చదువుదాం – 4వ పాఠం: ఏడాది చెరిగిపోతే

పోయిన పాఠంలో పక్క వెలుతురులో ఫొటో తీయడం నేర్చుకున్నాం. మన డెల్టాలో ఉప్పు గాలికి, వానలకు పెచ్చులూడిన కొన్ని రాళ్లకు అది చాలదు. అంకె లోతే మిగలనప్పుడు వెలుతురు ఏం చూపిస్తుంది? అలాంటప్పుడు రాయిలో మిగిలిన ప్రతి మాటనూ సాక్షిగా పిలవాలి.

నాకు ఈ పద్ధతి నేర్పింది నరసాపురం దగ్గర ఒక మిషన్ సమాధుల తోటలోని రాయి. అది మా నాయనమ్మ పుట్టింటి పెద్దాయనదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. పేరు చివర ‘య్య’ మిగిలింది. కింద ‘ప్రభువునందు నిద్రించెను’. ఏడాది తెలుగు అంకెల్లో ౧౮ వరకే ఉంది, అంటే 18. తర్వాతి రెండు అంకెలు పోయాయి. ఇంకో వరుసలో మాత్రం ‘రక్తాక్షి’, ‘మాఘ’ అనే మాటలు బాగానే కనిపించాయి.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను సుద్దముక్క రుద్దాను. తప్పు చేశాను. దాన్ని కడగబోతే ఇంకో పెచ్చు చేతిలోకి వచ్చింది. మీరు మాత్రం మెత్తటి బ్రష్, మంచినీళ్లు తప్ప ఏదీ వాడకండి. రాయి కదులుతుంటే అవీ వద్దు.

ఇప్పుడు లెక్క చూడండి. తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. పద్దెనిమిది వందల్లో రక్తాక్షి రెండుసార్లు వచ్చింది: 1804లో, 1864లో. ఏది తీసుకోవాలి? ఆ సమాధుల తోట గోదావరి డెల్టా మిషన్ అనే క్రైస్తవ సంస్థది. ఆ మిషన్ మొదలుపెట్టిన బౌడెన్, బీర్ ఇండియాకు వచ్చిందే 1836లో. కాబట్టి 1804 కుదరదు.

మరి 1864 అని రాసేయొచ్చా? తొందరపడకండి, చాలామంది జారేది ఇక్కడే. రక్తాక్షి 1864 ఉగాదితో మొదలై 1865 ఉగాది ముందురోజు దాకా నడిచింది. మాఘం ఏడాది చివర్లో వచ్చే నెల, అంటే జనవరి, ఫిబ్రవరిల్లో. ఆయన పోయింది 1865లో. ‘బందరు ఉప్పెన వచ్చాక రెండు మూడు నెలలకు పోయాడు’ అని నాయనమ్మ అనేది. ఆ ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది. రాయి, మిషన్ చరిత్ర, ఇంట్లో మాట ఒక్కచోట కలిసేసరికి నాకు కళ్లు చెమర్చాయి.

పేరు సంగతి ఇంత తేలిక కాదు. అరిగిన రాతి మీద ‘ప’, ‘వ’ ఒకేలా కనిపిస్తాయి. కింది గీత పోతే ‘ధ’ కాస్తా ‘ద’ అవుతుంది. ఇంటిపేరే మారిపోవచ్చు. అందుకే నోట్‌బుక్‌లో కనబడింది ఒక రంగులో, ఊహించింది ఇంకో రంగులో రాయండి. పక్క సమాధుల ఇంటిపేర్లు కూడా రాసుకోండి, ఒకే కుటుంబం వాళ్లను దగ్గర దగ్గరగా పెట్టడం మామూలే. తర్వాత పాస్టర్ గారిని అడిగి బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లతో సరిచూడండి. రాయి మీద వయస్సు 50, 60 లాంటి గుండ్రటి అంకె అయితే దాన్నిబట్టి పుట్టిన ఏడాది ఖాయం చేయొద్దు.

అభ్యాసం: అదే తోటలో ఇంకో రాయి. ‘౧౮’, ‘ప్రభవ’, ‘ఫాల్గుణ’ మాత్రమే మిగిలాయి. రక్తాక్షి తర్వాత క్రోధన, అక్షయ, ప్రభవ వరుసగా వస్తాయి. ఆ మనిషి పోయింది ఏ ఏడాది? నెలను మరచిపోకుండా లెక్కకట్టి, మీరు ఎలా తేల్చారో రెండు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. 5వ పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.