ఎక్సెల్ ఇంజిన్, ఆటో చక్రాలతో ఇంటి షెడ్డులో గో-కార్ట్

గో-కార్ట్ (నేలకి దగ్గరగా ఉండే నాలుగు చక్రాల చిన్న బండి) అనగానే చాలామంది పల్సర్ బైకు ఇంజిన్ కోసం వెతుకుతారు. మొదటి బండికి అది వద్దు. క్లచ్చు, గేర్లని కాళ్ల దగ్గరకి తెచ్చే లింకుల దగ్గరే పని ఆగిపోతుంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ ఊళ్లో చూసినా తిరుగుతుండే టీవీఎస్ ఎక్సెల్ 100 ఇంజిన్ దీనికి చక్కగా సరిపోతుంది. 99.7 సీసీ, గేర్లు లేవు, వేగం పెరిగితే దానంతటదే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్చు. యాక్సిలరేటర్ తొక్కితే కదులుతుంది, అంతే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 (కాలుష్య నిబంధనలు) వచ్చాక వీటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. సెన్సర్లతో తంటా వద్దనుకుంటే అంతకుముందు వచ్చిన కార్బురేటర్ బండి చూసుకోండి. ఇంజిన్ ఒక్కటే కాకుండా బండి మొత్తం తీసుకోండి: సైలెన్సర్, ట్యాంకు, సీడీఐ (ప్లగ్గుకి స్పార్కు ఇచ్చే డబ్బా), కాయిల్, తాళం స్విచ్చి, వైరింగ్, రెండు స్ప్రాకెట్లు, చైను అన్నీ పనికొస్తాయి. ఆర్‌సీ, అమ్మకం కాగితం లేకుండా మాత్రం తీసుకోవద్దు.

చక్రాల్లో బైకు చక్రం పనికిరాదు. దానికి రెండు వైపులా ఆధారం కావాలి, పైగా మలుపులో పక్క నుంచి బరువు పడితే స్పోకులు వంగుతాయి. ఆటో చక్రం (4.00-8) ఒక వైపే బోల్టులతో బిగుస్తుంది. పంచరైతే ఏ ఊళ్లోనైనా వేస్తారు. రేసు కార్టుల 5 అంగుళాల రిమ్ముకి ఇక్కడ ట్యూబు కూడా దొరకదు. ఎక్సెల్ చక్రం ఒక చుట్టుకి సుమారు 1.68 మీటర్లు పోతే ఆటో చక్రం 1.28 పోతుంది. అంటే అవే స్ప్రాకెట్లతో ఎక్సెల్ 60 అందుకునే చోట కార్ట్ 45 దాకా వెళ్తుంది. నేలకి అరడుగు ఎత్తులో కూర్చున్నవాడికి అదే ఎక్కువ.

ఫ్రేము

ఒకటింపావు అంగుళం ఈఆర్‌డబ్ల్యూ (రేకు చుట్టి అతికిన ఉక్కు) గుండ్రటి పైపు, 2 మి.మీ. మందం, 6 మీటర్లవి మూడు. మొత్తం 26 కిలోల పైచిలుకు. మిగిలిపోయిన నీళ్ల పైపు వాడదామనుకోకండి, దానిమీది జింకు పూత కాలి వచ్చే పొగకి రాత్రికి జ్వరం పట్టుకుంటుంది. ముందు చక్రాల మధ్య నుంచి వెనక ఇరుసు దాకా 1200 మి.మీ., నేల నుంచి 65 మి.మీ. ఎత్తు. వెల్డింగుకి 2.5 మి.మీ. రాడ్డు, 70 ఆంపియర్లు. 3.15 రాడ్డు పెడితే ఈ పైపుకి చిల్లులు పడతాయి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో రాడ్ల ప్యాకెట్టు విప్పి వదిలేస్తే చెమ్మ పట్టి అతుకులో బుడగలొస్తాయి, డబ్బాలో మూత పెట్టి ఉంచండి. ముందు ఫ్రేమంతా టాకాలు (చిన్న చుక్కల అతుకులు) వేసి, ఒక మూల నుంచి ఎదుటి మూలకి రెండు వైపులా కొలిచి, సమానమయ్యాకే పూర్తిగా అతకండి. అదీ ఒకే చోట కాకుండా, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ. లేకపోతే వేడికి ఫ్రేము మెలి తిరిగి ఒక చక్రం గాల్లో ఉంటుంది.

స్టీరింగ్

పైసా మిగిల్చినా, తొందరపడినా ఇక్కడ మాత్రం వద్దు. కింగ్‌పిన్‌కి (ముందు చక్రం పక్కలకి తిరగడానికి ఆధారమయ్యే పిన్ను) 16 మి.మీ. 8.8 గ్రేడు (గట్టి ఉక్కు) బోల్టు, గన్‌మెటల్ బుష్. పిన్ను పైభాగం వెనక్కి 12 డిగ్రీలు వాలాలి. ముందుకి వాలితే వేగంలో హ్యాండిల్ కొట్టుకుంటుంది, వదిలితే దానంతటది తిన్నగా అవదు. ఈ వాలుకి ఇంకో పని ఉంది. కార్టులో వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగిసి ఉంటాయి, రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. మలుపులో లోపలి వెనక చక్రం కాస్త తేలిక కాకపోతే బండి తిరక్కుండా నేరుగా దూసుకుపోతుంది. దాన్ని తేలిక చేసేది ఈ వాలే.

కింగ్‌పిన్‌ల నుంచి వెనక్కి వచ్చే ఆర్మ్‌లు తిన్నగా వెనక్కి ఉండకూడదు. తాపీ మేస్త్రి దారం ఒకటి తీసుకుని కింగ్‌పిన్ నుంచి వెనక ఇరుసు నడిమధ్యకి లాగి కట్టండి. టై రాడ్ (ముందు చక్రాల ఆర్మ్‌లని కదిపే రాడ్డు) బోల్టు కన్నం సరిగ్గా ఆ దారం కిందికి రావాలి. కింగ్‌పిన్‌ల మధ్య 700 మి.మీ. ఉంటే, 100 మి.మీ. వెనక్కి వచ్చే ఆర్మ్ 29 మి.మీ. లోపలికి వాలాలి. ఇది తప్పితే మలుపుల్లో ముందు టైర్లు ఈడ్చుకుపోయి అరుగుతాయి. టై రాడ్ చివర్లకి రాడ్ ఎండ్ బేరింగులు (ఏ వైపుకైనా వంగే గుండు కీళ్లు) కావాలి. ఊళ్లో లేకపోతే గాజువాక ఆటోనగర్‌లో అడగండి. నట్లన్నీ నైలాక్‌వే (లోపల నైలాన్ రింగుతో ఊడని నట్లు) వాడండి.

ఇరుసు, చైను, బ్రేకు

ఇరుసు 30 మి.మీ. ఈఎన్8 ఉక్కు రాడ్డు, రెండు యూసీపీ 206 (దిమ్మతో వచ్చే) బేరింగులు, 8 మి.మీ. కీవే (ఇరుసు మీద కీ కూర్చునే గాడి). లేత్ దగ్గరకి కొలతలు కాగితం మీద కాదు, రిమ్ము, స్ప్రాకెట్టు, డిస్కు, ముందు హబ్ బేరింగులు చేత్తో పట్టుకెళ్లండి. స్ప్రాకెట్టు ఒక బేరింగుకి ఆనినట్టు ఉండాలి. దూరమైతే ఇరుసు వంగి చైను ఊడుతుంది. బేరింగు గ్రబ్ స్క్రూ (ఇరుసుని పట్టి ఉంచే తల లేని స్క్రూ) దిగే చోట ఇరుసుకి డ్రిల్లుతో చిన్న గుంట పెట్టించండి, లేకపోతే ఇరుసు పక్కకి జారుతుంది. బేరింగులు బిగించాక వెల్డింగ్ చేయాల్సొస్తే ఎర్త్ క్లిప్పు అతికే ముక్కకే పెట్టి, సీడీఐ విప్పేయండి. కరెంటు బేరింగు గుండా పోతే గుండ్లు పొక్కుతాయి.

ఇంజిన్ బైకులో ఎటు చూస్తుందో ఇక్కడా అటే. తిప్పి పెడితే కార్ట్ రివర్సులో నడుస్తుంది! దీనికి ఫ్యాను లేదు కాబట్టి సీటు వెనక దాచకుండా, ఇంజిన్ మీది ఫిన్నులకి (చల్లబరిచే రెక్కలు) ఎదురుగాలి తగిలేలా పక్కన పెట్టండి. 6 మి.మీ. ప్లేటుకి పొడుగు కన్నాలు వేస్తే చైను బిగించుకోవచ్చు. వదులు 15 నుంచి 20 మి.మీ. చాలు. ట్యాంకు కార్బురేటర్ కంటే ఎత్తులో, సైలెన్సర్‌కి దూరంగా ఉండాలి.

బ్రేకుకి వెనక డిస్కున్న బైకు నుంచి డిస్కు, క్యాలిపర్, కాలి మాస్టర్ సిలిండర్ మూడూ ఒకే బండివి తీసుకోండి. వేర్వేరు బండ్లవి కలిపితే పెడల్ రాయిలా ఉంటుంది, లేదా అడుగు దాకా దిగిపోతుంది. క్యాలిపర్ గాలి నిపుల్ పైకే ఉండాలి. తలకిందులుగా బిగిస్తే ఎంత పంపు చేసినా గాలి పోదు. యాక్సిలరేటర్ పెడల్‌కి కార్బురేటర్ స్ప్రింగు కాక విడిగా ఇంకో స్ప్రింగు పెట్టండి. కేబులు ఎక్కడా గట్టిగా వంగకూడదు, ఇంటి కార్టుల్లో యాక్సిలరేటర్ ఇరుక్కునేది అక్కడే. చెయ్యి అందే చోట ఇంజిన్ ఆపే ఒక కిల్ స్విచ్చి కూడా.

చైనుకి, ఇరుసుకి రేకు కప్పు వేశాకే స్టార్టు చేయండి. చున్నీ, లుంగీ, విరబోసిన జుట్టుతో ఎవరినీ ఎక్కనివ్వొద్దు. రిజిస్ట్రేషన్ లేని బండి కాబట్టి రోడ్డెక్కకూడదు. పంటలయ్యాక ఖాళీగా ఉన్న కళ్లం, యజమానిని అడిగి, సరిపోతుంది. హెల్మెట్ పెట్టుకుని, ముందు నడక వేగంలో బ్రేకు చూసుకోండి. పది నిమిషాలు నడిపాక చైను, కింగ్‌పిన్, చక్రాల నట్లు, గ్రబ్ స్క్రూలు మళ్లీ బిగించండి. కొత్త బండిలో మొదట వదులయ్యేవి ఇవే.