మందుల చీటీ చదువుదాం – 4వ పాఠం: మూడు పేర్లు, ఒకే మందు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. టీడీఎస్ అంటే రోజుకు మూడుసార్లు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఈపాటికి ఇవి నోటికొచ్చి ఉంటాయి. ఎక్కడైనా తడబడితే మూడో పాఠం ఇంకోసారి చూసి రండి.

ఇవాళ చీటీ కాసేపు పక్కన పెట్టి, మందుల కవరు ముందుకు లాక్కోండి. ఇంట్లో ఎన్ని కవర్లు ఉంటే అన్నీ తెచ్చి మంచం మీద గుమ్మరించండి. డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులోవి, ఫ్రిజ్ మీదవి కూడా.

ఎందుకో చెప్తాను. ఇరవై ఏళ్ళు దాటింది నేను కందుకూరులో మందుల షాపు కౌంటర్ దగ్గర నిలబడబట్టి. పామూరు, కనిగిరి వైపు పల్లెల నుంచి బస్సు దిగి నేరుగా మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది. ఆ వైపు ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి మనందరికీ తెలుసు. నడుం వంగదు, మోకాలు లేవదు, నొప్పి బిళ్ళ లేకుండా పొద్దు గడవదు. అలా ఒక పెద్దాయన వచ్చి, కండువాలో మూటగట్టిన స్ట్రిప్పులు కౌంటర్ మీద విప్పారు. నాలుగు రోజులుగా వాంతి వచ్చినట్టుంది, అన్నం సయించడం లేదు, గ్యాస్ బిళ్ళ ఇవ్వమన్నారు.

మూటలో మూడు స్ట్రిప్పులు విడిగా పెట్టాను. జ్వరానికని ఒక డాక్టర్ రాసిన 650 బిళ్ళ, రోజుకు మూడు. మోకాళ్ళకని ఇంకో డాక్టర్ రాసిన నొప్పి బిళ్ళ, రోజుకు రెండు. జలుబుకని ఎవర్నీ అడక్కుండా కొనుక్కున్న బిళ్ళ, రోజుకు మూడు. మూడూ వేరే వేరే పేర్లు, వేరే వేరే రంగులు.

"చీటీలో రాసినట్టే గదబ్బయా మింగతా ఉండేది!" అన్నారాయన.

నిజమే. రెండు చీటీలూ నేను చదివాను. ఏ చీటీకా చీటీ సరిగ్గానే ఉంది. తప్పంతా మూటలో ఉంది. ఇవాళ మీరు నేర్చుకోవాల్సింది ఆ మూట చదవడం.

స్ట్రిప్ వెనక్కి తిప్పండి. పెద్ద అక్షరాల్లో మెరుస్తూ ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాన్ని వదిలేయండి. కింద సన్నక్షరాల్లో, ఒక్కో బిళ్ళలో ఏముందో రాసిన వరస ఒకటి ఉంటుంది. అందులో 'ఐ.పి.' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు వెతకండి. ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశపు మందుల ప్రమాణ గ్రంథం, దాని గుర్తు అది. సాధారణంగా ఆ రెండక్షరాలకు ముందున్న మాటే మందు అసలు పేరు, తర్వాత ఉన్న అంకె మోతాదు. కళ్ళు ఆనకపోతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఇంగ్లీషు రాకపోతే బడికెళ్ళే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం అక్షరం చదివించండి, ఏం ఫర్వాలేదు.

డోలో, క్రోసిన్, కాల్పాల్. ఈ మూడింటి వెనకా కనిపించే పేరు ఒకటే, పారాసిటమాల్. పెద్దాయన మూటలో కూడా అదే బయటపడింది. కాగితం మీద లెక్క వేసి చూపించాను, మీరూ వేయండి. జ్వరం బిళ్ళ 650, మూడుసార్లకు 1950. నొప్పి బిళ్ళలో ఎసెక్లోఫెనాక్ 100తో పాటు పారాసిటమాల్ 325 ఉంది, రెండుసార్లకు 650. జలుబు బిళ్ళలో 500, మూడుసార్లకు 1500. మొత్తం 4100 మిల్లీగ్రాములు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి గరిష్ఠ హద్దు 4000. బక్కచిక్కిన మనిషికి, మద్యం తాగే మనిషికి, లివర్ బాగోలేని మనిషికి ఆ హద్దు ఇంకా కిందనే ఉంటుంది. హద్దు దాటితే దెబ్బ తగిలేది లివర్‌కి. మొదట్లో పెద్దగా ఏమీ తెలియదు, వాంతి వచ్చినట్టుండటం, ఆకలి లేకపోవడం, అంతే. అందుకే గ్యాస్ బిళ్ళ ఇవ్వకుండా ఆయన్ని ఆసుపత్రికి పంపి, లివర్ పరీక్ష చేయించుకోమన్నాను.

ఇక రెండో మెట్టు. పేర్లు వేరైనా పని ఒకటే అయిన మందులుంటాయి. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ అన్నీ నొప్పి మందులే, ఒకే కుటుంబం. నొప్పి సూది వేయించుకుని, ఇంటికొచ్చి నొప్పి బిళ్ళ మింగితే ఒకే కుటుంబం నుంచి రెండు తీసుకున్నట్టే. నొప్పి రెట్టింపు తగ్గదు, కడుపులో పుండ్ల భయం మాత్రం పెరుగుతుంది.

ఇక్కడ కాసేపు ఆగుతాను, మన వైపు దీని అవసరం ఎక్కువ. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాలు ముడుచుకుపోకుండా మన ఒంట్లో ఒక రసాయనం తయారవుతుంది. ఈ కుటుంబం మందులు అడ్డుకునేది దాన్నే. మామూలు మనిషి రెండు మూడు రోజులకు తట్టుకుంటాడు. కానీ బీపీకి టెల్మిసార్టాన్ లాంటిది వాడుతూ, దాని పేరు చివర 'హెచ్' అని కూడా ఉందనుకోండి. ఆ హెచ్ చాలావరకు హైడ్రోక్లోరోథయజైడ్, అంటే ఒంట్లో నీరు లాగేసే బిళ్ళ. దానికి రోహిణి కార్తె ఎండలో పొలం పని, చెమట, చాలీచాలని నీళ్ళు తోడయ్యాయి. ఆ పైన నొప్పి బిళ్ళ. కిడ్నీకి అన్ని వైపుల నుంచీ రక్తం తగ్గిపోతుంది. కాబట్టి బీపీ బిళ్ళ వాడేవాళ్ళు నొప్పి బిళ్ళ సొంతంగా కొనుక్కోకండి. నేను ఇంత గట్టిగా చెప్పే మాటలు తక్కువ.

డాక్టర్ల సంగతీ చెప్పాలి. మందుల అసలు పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన మార్చింది. అక్షరం బాగుపడితే సంతోషమే. అయితే "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడగకుండా రాసిన చీటీని, ముత్యాల్లాంటి అక్షరాలున్నా సరే, మంచి చీటీ అని నేను ఒప్పుకోను. వాళ్ళు అడగకపోతే మీరే కవరు బల్ల మీద పెట్టి, "సార్, ఇవి కూడా వాడుతున్నాను, కలిపి వేసుకోవచ్చా?" అనండి. టెన్షన్ పడొద్దు. అది డాక్టర్ తప్పు పట్టడం కాదు.

ఒక జాగ్రత్త. ఒకే పేరు రెండుసార్లు కనబడగానే మీ అంతట మీరు ఒకటి ఆపేయకండి. కొన్నిసార్లు డాక్టర్లు కావాలనే అలా రాస్తారు. ముందు అడగండి.

ఇక ఇంటిపని. ఒక ఇంట్లో ఒకే మనిషి వాడే అయిదు స్ట్రిప్పుల వెనక ఇలా ఉంది: ఒకటి, పాంటప్రజోల్ 40 (గ్యాస్‌కి); రెండు, డైక్లోఫెనాక్ 50 + పారాసిటమాల్ 325; మూడు, ఐబుప్రొఫెన్ 400; నాలుగు, మెట్‌ఫార్మిన్ 500 + గ్లిమిపిరైడ్ 1 (రెండూ షుగర్‌కి); అయిదు, మెట్‌ఫార్మిన్ 500. వీటిలో రెండు చోట్ల వేలు పెట్టి అడగాలి. ఒకచోట డాక్టర్ కావాలనే రాసి ఉండొచ్చు, రెండోచోట దాదాపు ఎప్పుడూ పొరపాటే. ఏది ఏదో కారణంతో సహా నోటుబుక్కులో రాసి ఉంచండి. జవాబు అయిదో పాఠం మొదట్లో చూద్దాం. ఆ పాఠానికి స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉన్న మందు ఇంట్లో ఉంటే తీసి పెట్టుకోండి.