అడ్మిషన్ ఫారం లైవ్ చేసే ముందు: డ్రాప్‌డౌన్ జాగ్రత్తలు

అడ్మిషన్ల సీజన్ వచ్చేస్తోంది. వెబ్ ఫారంలో డ్రాప్‌డౌనే (జాబితాలోంచి ఒకటి ఎంచుకునే పెట్టె) కదా, అందులో లేనిది ఎవరు పంపుతారులే అనుకుంటాం. పంపుతారు.

– ఫీజు మొత్తాన్ని ఆప్షన్ వాల్యూలో (ఎంచుకున్నదానికి బదులు సర్వర్‌కి వెళ్లే విలువ) పెట్టకండి. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, పేజీ కోడ్ తెరిచి 1500ని 1గా మార్చి సబ్మిట్ కొట్టడం నిమిషం పని. నేనూ ఒకసారి అలాగే పెట్టాను. టెస్టింగ్‌లో మా జూనియర్ రూపాయి రసీదు ప్రింట్ తీసి నా టేబుల్ మీద పెట్టాడు. ఫారం నుంచి కోర్సు ఐడీ మాత్రమే రావాలి, ధర సర్వరే డేటాబేస్‌లోంచి తీసుకోవాలి.

– వచ్చిన విలువ జాబితాలో ఉందో లేదో సర్వర్‌లో మళ్లీ చూడండి. జావాస్క్రిప్ట్ చెక్ యూజర్ సౌకర్యానికే. కర్ల్‌తో (బ్రౌజర్ లేకుండా సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే టూల్) నేరుగా పంపేవాడికి అది అడ్డే కాదు.

– జాబితాలో ఉన్నా, ఆ లాగిన్‌కి దాని మీద హక్కుందా? ఐడీ మారిస్తే పక్కింటి పిల్లాడి మార్కులు కనిపించకూడదు.

– జిల్లా, మండలం జతగా సరిచూడండి. విడివిడిగా రెండూ సరైనవే అయినా, ఆ మండలం ఆ జిల్లాలో ఉండకపోవచ్చు.

– జిల్లాల జాబితా రెండు చోట్ల రాయకండి. 2022 ఏప్రిల్ 4న ఏపీలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అలాంటప్పుడు పేజీలో మార్చి సర్వర్‌లో మరిచిపోతే నిజమైన దరఖాస్తులే తిరస్కరణకు గురవుతాయి.

– విలువ జాబితాలో ఉందో లేదో చూసే పీహెచ్‌పీ ఫంక్షన్ ఇన్_అర్రేకి మూడో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇవ్వండి, అప్పుడు అంకెనా, మాటనా అన్నది కూడా చూస్తుంది. అది ఇవ్వకపోతే, పాత 7 వెర్షన్‌లో జాబితాలో అంకె 0 ఉంటే 'ఏబీసీ' అనే మాట కూడా పాసైపోతుంది!

– తప్పు విలువను ఎర్రర్ మెసేజ్‌లో ఎస్కేప్ చేయకుండా (< లాంటి గుర్తులు కోడ్‌గా పనిచేయకుండా మార్చకుండా) చూపించకండి, స్క్రిప్ట్ దూరుతుంది.