సైంటిఫిక్ కాలిక్యులేటర్ నేర్చుకుందాం – మూడో పాఠం: పవర్లు

పోయిన పాఠంలో బ్రాకెట్లు, లెక్క జరిగే వరుస చూశాం. ఈసారి పవర్లు. పాలిటెక్నిక్, బీటెక్ పిల్లలు ఫార్ములా సరిగ్గా రాసి, విలువలు సరిగ్గా వేసి, చివరి జవాబు మాత్రం కోట్ల రెట్లు తప్పు తెచ్చుకునేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ఒక్క సంగతి మీద గట్టిగా నిలబడదాం. 3×10⁸ కాగితం మీద గుణకారంలా కనిపిస్తుంది, కానీ కాలిక్యులేటర్‌కి దాన్ని ఒకే సంఖ్యగా ఇవ్వాలి.

మెషీన్ పక్కన పెట్టుకుని చదవండి. క్యాసియో ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్, 991ఎంఎస్, 991ఇఎస్ ప్లస్ ఏదైనా సరే. వర్గానికి ఎక్స్ మీద చిన్న 2 ఉన్న బటన్. ఏ పవర్‌కైనా పనికొచ్చే బటన్ మీద పాత ఎంఎస్‌లో ^ గుర్తు, ఇఎస్‌లో ఎక్స్ నెత్తిన చిన్న ఖాళీ గడి ఉంటాయి. ఈ పాఠంలో అసలైనది కింది వరుసలో చుక్క బటన్ పక్కనుండేది. పాత ఎంఎస్‌లో దాని మీద ‘ఈఎక్స్‌పీ’ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, ఇఎస్‌లో ×10, దాని పైన చిన్న ఎక్స్ ఉంటాయి. రెండూ ఒకే పని చేస్తాయి. ఇకమీద దీన్ని ఈఎక్స్‌పీ అనే అంటాను.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది కదా. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో పై వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్, అంటే 5.3×10⁷ హెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దాని తరంగదైర్ఘ్యం ఎంత? కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగించాలి. అంటే 3×10⁸ ని 5.3×10⁷ తో.

ముందు తప్పు దారిలో కొట్టి చూడండి. 3 × 10 ^ 8 ÷ 5.3 × 10 ^ 7 =. ఇఎస్ ఉన్నవాళ్ళు పవర్ కొట్టిన ప్రతిసారీ కుడి బాణం నొక్కి కిందికి దిగాలి. 5.66×10¹⁴ వస్తుంది. మీటర్లలో అంత అంటే సుమారు 56,600 కోట్ల కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి సూర్యుడి దాకా ఉన్న దూరమే దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు!

ఇప్పుడు సరైన దారి. 3 ఈఎక్స్‌పీ 8 ÷ 5.3 ఈఎక్స్‌పీ 7 =. జవాబు 5.66 మీటర్లు.

తేడా ఎక్కడొచ్చిందో పోయిన పాఠం గుర్తున్నవాళ్ళకి ఈపాటికే తట్టి ఉంటుంది. గుణకారం, భాగహారం ఒకే స్థాయివి, ఎడమ నుంచి కుడికి జరుగుతాయి. మొదటిసారి మెషీన్ 5.3తో మాత్రమే భాగించింది. ఆ తర్వాత వచ్చిన 10⁷ హారంలో ఉండాల్సింది పోయి లవంలోకి ఎక్కి కూర్చుంది. ఈఎక్స్‌పీ వాడితే 5.3, దాని పదుల పవర్ విడిపోవు. బ్రాకెట్లు పెట్టినా సరైన జవాబే వస్తుంది. ఇఎస్‌లో భిన్నం గడిలో రాసినా వస్తుంది. కానీ పరీక్ష హాల్లో టెన్షన్‌లో ఒక బ్రాకెట్ మరిచిపోవడం చాలా తేలిక, అందుకే నా ఓటు ఈఎక్స్‌పీకే. గేట్ పరీక్షలో స్క్రీన్ మీద ఇచ్చే కాలిక్యులేటర్‌లో కూడా ఈ బటన్ ఉంది.

రెండు జవాబుల్లోనూ 5.66 అలాగే ఉందని గమనించారా? ప్రమాదమంతా అందులోనే ఉంది. అంకెలు సరిపోయాయి కదా అని కన్ను పవర్ దగ్గర ఆగకుండా దాటిపోతుంది. ఒక నీటి అణువు ద్రవ్యరాశి కట్టి చూడండి. ఒక మోల్ నీటి ద్రవ్యరాశి 18 గ్రాముల్ని అవొగాడ్రో సంఖ్యతో భాగించాలి: 18 ÷ 6.022 ఈఎక్స్‌పీ 23. సరిగ్గా కొడితే 2.989×10⁻²³ గ్రాములు. విడగొట్టి కొడితే 2.989×10²³. మారింది ఒక్క మైనస్ గుర్తే. అందుకని = నొక్కే ముందే పవర్లను మనసులో కూడి, తీసి చూసుకోండి. రాడార్ లెక్కలో 8 లోంచి 7 పోతే 1, మూడుని అయిదుంపావుతో భాగిస్తే అర పైచిలుకు, దాన్ని పదితో గుణిస్తే అయిదారు మీటర్లు. స్క్రీన్ మీద ఇంకేం కనిపించినా నమ్మకండి.

మైనస్ పవర్ ఉంటే ఈఎక్స్‌పీ తర్వాత బ్రాకెట్‌లో మైనస్ ఉన్న బటన్ నొక్కాలి. ఎలక్ట్రాన్ ఆవేశం కావాలంటే 1.602 ఈఎక్స్‌పీ (−) 19. తీసివేత బటన్‌ని కూడా కొన్ని మోడళ్ళు ఒప్పుకుంటాయి, అయినా ఆ అలవాటు వద్దు. ఇంకొకటి, ఈఎక్స్‌పీలో ‘×10’ ముందే ఉంది. 10⁸ కావాలంటే 1 ఈఎక్స్‌పీ 8 కొట్టండి. 10 ఈఎక్స్‌పీ 8 అంటే అది 10⁹ అయిపోతుంది.

పది కాని సంఖ్యల పవర్లకి మొదట్లో చెప్పిన, ఏ పవర్‌కైనా పనికొచ్చే బటనే దిక్కు. గాదంకి రాడార్‌కి 1024 యాంటెనాలు, 32 వరసల్లో 32 చొప్పున. 32 వర్గం కొట్టండి, 2 పవర్ 10 కొట్టండి, రెండూ 1024. ఇఎస్‌లో దానికి 1 కలపాలంటే, 10 తర్వాత కుడి బాణం నొక్కాకే + కొట్టాలి. నొక్కకపోతే ఆ 1 కూడా పైనే చేరి 2¹¹ అవుతుంది, 1025కి బదులు 2048 చూపిస్తుంది. ఈఎక్స్‌పీకి మాత్రం ఈ బాణం గొడవ లేదు.

రుణ సంఖ్యకి వర్గం కట్టేటప్పుడు బ్రాకెట్ తప్పనిసరి. −3² అంటే క్యాసియో ముందు వర్గం చేసి తర్వాత మైనస్ పెడుతుంది, −9 వస్తుంది. గణితం ప్రకారం అదే సరైనది. (−3)² కొడితే 9. ఎక్సెల్‌లో =-3^2 కి 9 వస్తుంది, అక్కడ మైనస్‌కి ముందు స్థానం ఇచ్చారు. ల్యాబ్ రికార్డుకి రెండూ వాడేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

అభ్యాసానికి రెండు లెక్కలు. రాడార్ సంకేతం 20 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి తిరిగి రావడానికి ఎంతసేపు? మొత్తం దూరం 40 ఈఎక్స్‌పీ 3 మీటర్లు. రెండోది, 53 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ఫోటాన్ శక్తి. ప్లాంక్ స్థిరాంకం 6.626×10⁻³⁴ తీసుకుని పౌనఃపున్యంతో గుణించండి. మొదటిదానికి 1.33×10⁻⁴ సెకన్లు, రెండోదానికి 3.51×10⁻²⁶ జౌళ్ళు రావాలి. మొదటిదానికి మీ మెషీన్ 0.000133 అని చూపిస్తే తప్పేమీ కాదు, సెటప్‌లో నార్మ్ 2 పెట్టి ఉంది. నార్మ్ 1కి మార్చుకుంటే 0.01 కంటే చిన్న సంఖ్యలన్నీ పదుల పవర్లలోనే కనిపిస్తాయి.