గోల్ఫ్‌లో రఫ్‌లోంచి కొట్టేముందు: బంతి గ్రీన్ దాటిపోకుండా జాగ్రత్తలు

వానలకు రఫ్‌లో (మైదానంలో గడ్డిని పొడవుగా వదిలేసే చోట) గడ్డి ఏపుగా పెరిగే రోజులివి కాబట్టి, ఐరన్ రకం క్లబ్ (బంతిని కొట్టే కర్ర) చేతిలోకి తీసుకునే ముందు ఇవి చూసుకోండి.

– గ్రీన్ (జెండా, రంధ్రం ఉండే నున్నటి గడ్డి చోటు) వెనుక నీరో బంకరో (ఇసుక గొయ్యి) ఉంటే, జెండా దాకా ఉన్న పూర్తి దూరానికి సరిపడే క్లబ్ తీయకండి. క్లబ్ ఫేస్‌కూ (బంతిని తాకే ముఖం) బంతికీ మధ్య గడ్డి చిక్కుకుంటే ఫేస్ మీది గాడుల పట్టు తప్పి స్పిన్ తగ్గుతుంది. అప్పుడు బంతి అనుకున్నదానికన్నా ముందుకు వెళ్ళడమే కాక, పడినచోట ఆగకుండా దొర్లుతుంది. 7 నంబరు ఐరన్ అనుకున్నచోట, తక్కువ దూరం కొట్టే 8 తీసుకుని, గ్రీన్ ముందు అంచుకు గురిపెట్టడమే మేలు.

– వంగి చూడండి. బంతి సగానికి పైగా కనిపిస్తూ, దాని వెనుక పరకలు లక్ష్యం వైపే వాలి ఉంటే బంతి ఎక్కువ దూరం పోతుందని అనుమానించవలసిందే. లోతుగా కూరుకుపోయిన బంతి సంగతి వేరు. అది సాధారణంగా అనుకున్న దూరం చేరకముందే పడిపోతుంది.

– గడ్డిని చేత్తో తాకి చూడండి, తడి ఉంటే స్పిన్ ఇంకా తగ్గుతుంది.

– బంతి వెనుక గడ్డిని క్లబ్‌తో అణచకండి. చాలామందికి ఇది తెలియకుండానే అలవాటైపోతుంది కానీ, 8.1 నియమం ప్రకారం స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బల లెక్కతో గెలుపు తేల్చే ఆటలో) దానికి 2 స్ట్రోకుల పెనాల్టీ పడుతుంది.