ఫెన్సింగ్ పోస్టులు ఊగుతున్నాయా? తీగ బిగించే ముందు పోస్టు మొదలు చూడండి

"కంచె వేసి రెండు నెలలు కాలేదండి, ఇనుప యాంగిల్ పోస్టులన్నీ ఊగిపోతన్నాయి" అని పిలుస్తారు, నేను వెళ్లేసరికి ఎవరో ఒకాయన మెష్ లాగి తీగ బిగిస్తా ఉంటాడు. ఆపండి బాబూ. వదులైన పోస్టుకి తీగ బిగిస్తే ఇంకాస్త ఒరగడమే.

ముందు పోస్టుని ఛాతీ ఎత్తులో పట్టుకుని ఊపండి, కళ్లు మాత్రం కింద మొదలు దగ్గర పెట్టండి. అర నిమిషం పని, ఒక్కరూ చెయ్యరు.

మొదలు కదలట్లేదు, పైన వంగుతోంది: యాంగిల్ పల్చనిది. మార్చుకోవడమే.

చుట్టూ మట్టితో సహా కదులుతోంది: లోతు చాల్లేదు. 8 అడుగుల యాంగిల్‌కి కనీసం 2 అడుగులు లోపల ఉండాలి, మన నల్లమట్టిలో రెండున్నర అయితే ఇంకా మంచిది.

వరస మొత్తం ఒకే వైపు ఒరిగింది: మూల పోస్టుకి ఏటవాలు సపోర్టు లేదు. రెండు వైపులా వెయ్యండి.

పోస్టు చుట్టూ వేలు పట్టేంత సందు, అందులో అది ఒక్కటే ఆడుతోంది: అసలు దొంగ ఇదే, నన్నూ ముంచింది.

కాలవలకి నీళ్లు ఆపేసిన వేసవిలో తీరిక ఉంటదని అందరం అప్పుడే కంచె పెట్టుకుంటాం, నేల నెర్రెలిచ్చి గునపం దిగదు, దాంతో గోతిలో నీళ్లు పోస్తాం, పోస్టు నిలబెట్టాక ఆ బురదే మళ్లీ కూరి పైన ఇంకో బిందె పోసి "సెట్ అవుద్దిలే" అనుకుంటాం. ఏటి మధ్య లంకల్లో ఇసక నేలకి ఇది బానే ఉంటది, నీళ్లకి ఇసక సర్దుకుని కూర్చుంటది. నల్లమట్టి అలా కాదండీ, తడిస్తే ఉబ్బుద్ది, ఆరితే కుంచించుకుపోద్ది. పెట్టిన రోజు రాయిలా ఉంటది, నెల తిరిగేసరికి మట్టి ఇనుముని వదిలేసి పక్కకి జరుగుద్ది, తొలకరి నీళ్లు సరిగ్గా ఆ సందులోకే దిగి మొదలంతా మెత్తబడి పోస్టు ఒరిగిపోద్ది.

మా బావ కొబ్బరితోటలో 40 పోస్టులు ఇలాగే పెట్టి, జులైలో ఒరిగితే పల్చటి సరుకిచ్చావని ఇనుం షాపాయనతో గొడవేసుకున్నాను. తప్పు నాదే.

ఆ సందులో ఇసకో సిమెంటు నీళ్లో పొయ్యకండి, మట్టి మళ్లీ ఆరితే మళ్లీ సందే. పోస్టు బయటికి లాగండి. గోతిలో బురద తీసేసి, గుప్పెట్లో నొక్కితే ఉండ కట్టి, వేలితో పొడిస్తే విరిగిపోయేంత తడి ఉన్న మట్టి తీసుకోండి, చేతికి బంకలా అంటిందంటే అది ఇంకా ఆరాలి. అందులో ఇటికముక్కలు కలిపి 4 అంగుళాల చొప్పున వేస్తా గునపం మొద్దు వైపుతో నాలుగు పక్కలా గట్టిగా కూరండి. ఒకేసారి గోతి నిండా పోసి పైన తొక్కితే కూరినట్టు కాదు. చివర్లో మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా వేసి వాలు పెట్టండి, వాన నీరు బయటికి పోవాలి. గొయ్యి తవ్వడానికి నీళ్లు కావాలంటే ముందురోజు రాత్రే పోసుకోండి, పూడ్చేటప్పుడు మాత్రం చుక్క కూడా వద్దు.

రొయ్యల చెరువుల పక్కన అయితే నేలకి ఆనే చోట తుప్పు చూడండి, కొత్తవాటికి పాతకముందే అక్కడ అర అడుగు పైకీ కిందకీ తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టండి. గట్టు మీద పీతల బొరియల వల్ల పోస్టు పడిందని కూడా అంటారు, ఉంటే ఉండొచ్చు గానీ ఆ బొరియలు వెతికే ముందు మొదలు దగ్గర వేలు పెట్టి చూడండి.