ఐవీఎఫ్‌కి ముందు పరీక్షలా? శాంపిల్ ఇచ్చేముందు ఇవి చూసుకోండి

చికిత్స ఏ దారిన సాగాలో ఈ రిపోర్టులను బట్టే డాక్టరు నిర్ణయిస్తారు. అందుకే ముందు రోజే ఇద్దరూ కూర్చుని చూసుకోండి.

• వీర్య పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా విరామం ఉండాలి. డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష (వీర్యకణాల్లోని డీఎన్‌ఏ ఎంత దెబ్బతిందో చూసేది) కూడా రాస్తే ఎన్ని రోజులో ల్యాబ్‌నే అడగండి. మరీ ఎక్కువ రోజులు ఆగితే నిల్వ ఉన్న కణాలకు ఆక్సిడేటివ్ స్ట్రెస్ (హానిచేసే ఆక్సిజన్ అణువులు పేరుకోవడం) దెబ్బ పెరుగుతుంది.

• ఈ మధ్య డెంగీయో టైఫాయిడో వచ్చిందా? తప్పకుండా చెప్పండి. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది, జ్వరం ప్రభావం అంతకాలమూ కనిపించవచ్చు.

• ఇంట్లో తీస్తే ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే తీయాలి. సబ్బు, నూనె, మామూలు కండోమ్ వద్దు. చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని అరగంటలో, మహా అయితే గంటలోపు అందించండి. మొదట్లో కాస్త కిందపోయినా దాచొద్దు, కణాలు ఎక్కువగా ఉండేది ఆ భాగంలోనే.

• ఆడవాళ్లకు అండాశయాల పనితీరు చూసే హార్మోన్ పరీక్షలు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రడయోల్ నెలసరి 2 లేదా 3వ రోజు చేస్తారు. అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ పరీక్ష ఏ రోజైనా సరే.

• జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పి రక్తపరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి. థైరాయిడ్, హార్మోన్ల లెక్కలు తప్పుగా రావచ్చు. ఫోలిక్ యాసిడ్ మాత్రం మానొద్దు.

• ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను తగ్గిస్తాయని చెప్పే యాంటీఆక్సిడెంట్ మాత్రలు సొంతంగా కొనొద్దు. 2020లో వెలువడిన అమెరికా మోక్సీ అధ్యయనంలో విటమిన్ సి, ఇ, సెలీనియం వంటివి వాడిన మగవాళ్లలో వీర్య నాణ్యత మెరుగుపడలేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి, సిగరెట్ మానేయండి.